మార్కుల్లో కలవని క్లాసు



ఇంజనీరింగ్ మొదటి ఏడు చదువుతున్న అమ్మాయి "నాన్నా, సాయంత్రాలు జర్మన్ క్లాసులో చేరతాను" అని అడిగిందనుకోండి. ఇంట్లో ముందుగా వచ్చే ప్రశ్న ఏమిటో మీకూ తెలుసు, నాకూ తెలుసు. "అవి మార్కుల్లో కలుస్తాయా?" కలవవని తేలగానే రెండో మాట, "మరెందుకమ్మా, ఉన్న సబ్జెక్టులు శుభ్రంగా చదువుకోరాదూ!"

ఆ తండ్రిని నేనేమీ అనను. ఫీజు కట్టేవాడు లెక్క అడుగుతాడు, అడగాలి కూడా. కాకపోతే మార్కుల్లో కలిసిన భాష మన పిల్లలకు ఎంత వచ్చిందో కూడా అదే లెక్కలో వేసుకోవాలి. ఇంటర్మీడియట్‌లో సెకండ్ లాంగ్వేజ్‌గా సంస్కృతం తీసుకునేవాళ్ళు మన రెండు రాష్ట్రాల్లోనూ కోకొల్లలు. కాళిదాసు మీద ప్రేమతో తీసుకుంటారా? లేదు. నూటికి తొంభై ఎనిమిదో తొంభై తొమ్మిదో పడతాయి కాబట్టి తీసుకుంటారు. జవాబులు దేవనాగరిలోనే రాయాలన్న పట్టింపు లేకుండా ఏళ్ళకేళ్ళు గడిచాయి. అలా తొంభై తొమ్మిది తెచ్చుకున్న కుర్రాణ్ణి గుడి గోడ మీద చెక్కిన శ్లోకం ముందు నిలబెట్టి చదవమనండి. లేదా పెళ్ళిపీటల మీద కూర్చున్నప్పుడు, పంతులుగారు తన చేత ఏమని సంకల్పం చెప్పించారో అడగండి. నవ్వేసి ఊరుకుంటాడు. మార్కులు కలిశాయి, భాష మాత్రం కలవలేదు.

ఆ సాయంత్రపు జర్మన్ క్లాసు దీనికి పూర్తిగా తిరగేసిన వ్యవహారం. అక్కడ భాష ఉంటుంది, మార్కులుండవు. డిగ్రీ చదువుకుంటూనే, ఎవరూ బలవంతపెట్టకపోయినా, పక్కన ఇంకో భాష నేర్చుకునే ఆ పని గురించే ఇవాళ మాట్లాడదామనుకుంటున్నాను. కొన్నేళ్ళు అలాంటి క్లాసులకు పాఠం చెప్పినవాణ్ణి కాబట్టి కాస్త చనువుగానే మాట్లాడతాను.

ముందు గంటల లెక్క చూద్దాం. ఈ విషయంలో కబుర్లు చెప్పేవాళ్ళు ఎక్కువ, లెక్క చెప్పేవాళ్ళు తక్కువ. యూరప్ భాషలు ఎంత వచ్చాయో కొలవడానికి 2001లో కౌన్సిల్ ఆఫ్ యూరప్ ఒక చట్రం ప్రచురించింది. ఏ1, ఏ2, బి1, బి2, సి1, సి2 అని ఆరు మెట్లు. ఏ1 అంటే పేరు, ఊరు, టీ ఎంత, రైలు ఎన్నింటికి, అంతవరకే. ఏ2 వస్తే అంగట్లో, ఆఫీసులో రోజువారీ పని గడుస్తుంది. బి1 అంటే ముందుగా అనుకోని మాట ఎదురైనా నిలదొక్కుకోవడం. డాక్టరుకి నొప్పి ఎక్కడుందో, ఎప్పట్నుంచి ఉందో చెప్పుకోవడం, అద్దె ఇంట్లో హీటరు పనిచెయ్యకపోతే ఓనరుతో వాదించడం. బి2 దగ్గర చదువు, ఉద్యోగం ఆ భాషలో మొదలవుతాయి. జర్మన్‌లో ఏ మెట్టుకు ఎంత చదువు పడుతుందో గోథె ఇన్‌స్టిట్యూట్ ఒక అంచనా ఇస్తుంది. 45 నిమిషాల పీరియడ్ లెక్కన ఏ1కి 80 నుంచి 200. ఏ2 పూర్తయ్యేసరికి మొదట్నుంచీ కలిపి 200 నుంచి 350. బి1కి 350 నుంచి 650. బి2కి 600 నుంచి 800.

ఇప్పుడు మన అమ్మాయి సంగతి. వారానికి నాలుగు పీరియడ్లు, సెమిస్టరుకి పదిహేను వారాలు. అంటే సెమిస్టరుకి 60 పీరియడ్లు. బి.టెక్‌లో ఎనిమిది సెమిస్టర్లు. చివరిది ప్రాజెక్టుకీ ప్లేస్‌మెంట్లకీ పోయిందనుకున్నా, ఏడు సెమిస్టర్లకి 420 పీరియడ్లు. బి1 గడప దాటినట్టే. మూడేళ్ళ డిగ్రీ అయితే 360, గడప మీద కాలు పెట్టినట్టు. వారానికి మూడు గంటలు ఎక్కువేం కాదు, సెల్‌ఫోను దానికంటే చాలా ఎక్కువ తినేస్తోంది.

అదే అమ్మాయి "ఇప్పుడెందుకు, ఎమ్మెస్‌కి జర్మనీ వెళ్తాగా, అక్కడే నేర్చుకుంటాను" అనుకుందనుకోండి. అక్కడి మాస్టర్స్ రెండేళ్ళు, నాలుగు సెమిస్టర్లు. నాలుగోది థీసిస్‌కి పోతుంది. మిగిలిన మూడు సెమిస్టర్లూ ఒక్క క్లాసు మానకుండా వెళ్ళినా 180 పీరియడ్లు. ఏ2 కూడా పూర్తి కాదు. ఎవరో పుట్టించిన భయం కాదిది, ఉత్త గుణకారం.

కృష్ణా డెల్టాలో రైతులు వరి కోతకి రెండు మూడు రోజుల ముందే, పైరు ఇంకా నిలబడి ఉండగానే, మడిలో మినుములు చల్లుతారు. వరికి పెట్టిన నీళ్ళ తడితోనే, మంచుతోనే మినుము పండుతుంది. వేరే తడి అక్కర్లేదు. కోత అయిపోయాక తీరిగ్గా చల్లుదామంటే నేల బిగుసుకుపోయి మొలక రాదు. డిగ్రీ ఏళ్ళలో భాష కూడా అలాంటి పంటే. హాస్టలు, లైబ్రరీ, సాయంత్రం ఖాళీ, పందొమ్మిదేళ్ళ జ్ఞాపకశక్తి, తప్పు మాట్లాడితే నవ్వి ఊరుకునే స్నేహితులు, ఈ తడి అంతా డిగ్రీ కోసం పెట్టిందే. అది ఆరకముందే చల్లుకోవాలి.

జర్మనీ మాట వచ్చింది కాబట్టి అక్కడి సంగతి కొంచెం వివరంగా చెబుతాను. 2023-24 శీతాకాలపు సెమిస్టరులో ఆ దేశంలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 49 వేలకు పైగా ఉన్నారు. చైనా విద్యార్థులను దాటేశారు. మనవాళ్ళలో చాలామంది చేరేది ఇంగ్లీషులో పాఠాలు చెప్పే మాస్టర్స్ కోర్సుల్లో. అప్లికేషన్‌కి జర్మన్ అడగరు. అడగలేదు కాబట్టి అవసరం లేదనుకుంటారు.

అక్కడి యూనివర్సిటీల్లో సాధారణంగా ఒక భాషా కేంద్రం ఉంటుంది. చేరిన విద్యార్థికి ఉచితంగానో, కొద్దిపాటి ఫీజుకో జర్మన్ చెబుతారు. సెమిస్టరు మొదట్లో ఒక పరీక్ష పెట్టి, నీ మెట్టు ఇదీ అని తేలుస్తారు. ఆన్‌లైన్‌లో సీట్లు తెరిచిన కాసేపట్లోనే ఏ1 క్లాసులు నిండిపోతాయి. అందరికీ కావలసింది అదే మరి. ఇక్కడే ఏ2 వరకు చదువుకుని వెళ్ళినవాళ్ళకు పై క్లాసుల్లో పోటీ అంత ఉండదు. సెమిస్టర్ల మధ్య, ఫిబ్రవరి, మార్చి నెలల్లోనూ, ఆగస్టు, సెప్టెంబరుల్లోనూ, రోజూ నడిచే ఇంటెన్సివ్ కోర్సులు చాలాచోట్ల ఉంటాయి. నన్నడిగితే సెమిస్టరు క్లాసుల కంటే ఇవే మేలు. కానీ ఆ నెలల్లోనే మన పిల్లలు గోడౌన్లలో డబ్బాలు సర్దే పనులకి వెళ్తారు. విద్యార్థి వీసా మీద ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేసుకోవచ్చు. సెలవుల్లో వచ్చే ఆ జీతంతోనే కదా అద్దె, ఇన్సూరెన్సు గడవాలి. పనికి వెళ్ళాడని ఎవర్ని తప్పుపడతాం?

క్రెడిట్ల సంగతి కూడా అక్కడ మనకంటే భిన్నమేం కాదు. మాస్టర్స్‌కి 120 క్రెడిట్లు కావాలి. ఒక్కో క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని. జర్మన్ క్లాసుకి క్రెడిట్లు ఇస్తారు కానీ, చాలా కోర్సుల్లో అవి ఆ 120లో కలవవు. మార్కుల జాబితా అడుగున అదనం అని వేరే వరస రాస్తారు. హైదరాబాదులో తండ్రి అడిగిన ప్రశ్న బెర్లిన్‌లో కొడుకు తనను తాను వేసుకుంటాడు. జవాబు ఒకటే కాబట్టి, మొదటి పరీక్షల వేడి తగలగానే మానేసేదీ ఆ క్లాసే.

"అక్కడ ఉంటే భాష దానంతటదే వస్తుంది" అన్న మాట నమ్మకండి. ఆ కుర్రాడి దినచర్య చూడండి. క్లాసులో ఇంగ్లీషు. రూములో నలుగురూ తెలుగువాళ్ళే, వంతులవారీ వంట, సాయంత్రం పప్పుచారు, రాత్రికి కొత్త సినిమా. వాట్సాప్ గ్రూపులో తెలుగు. జర్మన్ చెవిన పడేది సూపర్‌మార్కెట్ బిల్లు కౌంటరు దగ్గర, రైలు ప్లాట్‌ఫాం మారిందని మైకులో చెప్పినప్పుడు. ఆ మైకు మాట అర్థం కాదు, జనం ఎటు పరిగెడితే తనూ అటు పరిగెడతాడు. రెండేళ్ళు అలా గడిచిపోతాయి. డిగ్రీ చేతికొచ్చాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల గడువు ఇస్తారు. అప్పుడు తెలుస్తుంది, ఇంగ్లీషుతో సరిపెట్టుకునే కంపెనీలు పెద్ద ఊళ్ళలో, అదీ సాఫ్ట్‌వేర్ వైపే ఎక్కువని. మెకానికల్, సివిల్ వాళ్ళకు పని దొరికే చిన్న ఊళ్ళ ఫ్యాక్టరీలో ఫోర్‌మన్ జర్మన్‌లోనే మాట్లాడతాడని.

ఆ పైన చట్టం కూడా బి1 దగ్గరే గీత గీసింది. నిపుణులైన ఉద్యోగులకిచ్చే బ్లూ కార్డు మీద పనిచేసేవారికి ఏ1 ఉంటే 27 నెలలకు, బి1 ఉంటే 21 నెలలకు శాశ్వత నివాసం అడిగే హక్కు వస్తుంది. అక్కడే డిగ్రీ చదివి రెండేళ్ళు ఉద్యోగం చేసినవారికి కూడా బి1 అడుగుతారు. పౌరసత్వానికీ బి1 కావాలి. నర్సులకు గుర్తింపు రావాలంటే మామూలుగా బి2. డాక్టర్లకైతే వైద్య పరిభాష మీద ఇంకా పై స్థాయి పరీక్ష విడిగా ఉంటుంది. అందుకే ఏ1 సర్టిఫికెట్ ఫ్రేము కట్టించుకుని, ఇక నాకు జర్మన్ వచ్చేసిందనుకునేవాళ్ళను చూస్తే జాలేస్తుంది. ఏ1తో ఆగిపోయిన భాష ఆరు నెలల్లో ఆవిరైపోతుంది. ఆగితే బి1 దగ్గర ఆగండి, అక్కడిదాకా వెళ్ళే ఉద్దేశం లేకపోతే అసలు మొదలుపెట్టకపోయినా నష్టమేం లేదు. కొంచెం కటువుగా అంటున్నానేమో, కానీ ఏ1 జర్మన్, ఏ1 ఫ్రెంచ్, ఏ1 స్పానిష్ అని మూడు సర్టిఫికెట్లు పట్టుకుని మూడింటిలో ఏదీ మాట్లాడలేనివాళ్ళను నేను చూశాను.

రష్యాకి ఎంబీబీఎస్ కోసం వెళ్ళే మన పిల్లలది ఇంకో రకం ఇబ్బంది. పాఠం ఇంగ్లీషులోనే. మొదటి ఏళ్ళలో రష్యన్ క్లాసు కూడా ఉంటుంది. దాన్ని ఎలాగోలా గట్టెక్కితే చాలనుకుంటారు. పై తరగతుల్లో ఆసుపత్రి వార్డులో అడుగుపెట్టాక, మంచం మీది ముసలమ్మ తన బాధ రష్యన్‌లో చెప్పుకుంటుంది. ఆమెకు ఇంగ్లీషు రాదు, రావలసిన అవసరమూ లేదు. కేసు వినలేనివాడు నేర్చుకునే వైద్యం సగమే.

ఇక మన దగ్గర క్లాసులు ఎక్కడున్నాయంటారా? హైదరాబాదు తార్నాకలో, ఉస్మానియా పక్కనే, ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ ఉంది. 1958లో ఇంగ్లీషు టీచర్ల శిక్షణ కోసం పెట్టిన సంస్థ అది. 1972లో విదేశీ భాషలు చేర్చుకుని, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. వేరే చోట డిగ్రీ చదువుకునేవాళ్ళు కూడా చేరేలా అక్కడ పార్ట్‌టైమ్ కోర్సులు నడుస్తూ వచ్చాయి. ఫ్రెంచ్‌కి అలియాన్స్ ఫ్రాన్సేజ్, జర్మన్‌కి గోథె సెంటర్ హైదరాబాదులోనే ఉన్నాయి. తార్నాకలో ఉండేవాడికి బాగానే ఉంది. నర్సంపేటలోనో నందిగామలోనో కాలేజీ బస్సు దిగి సాయంత్రం ఆరింటికి ఇల్లు చేరే పిల్ల సంగతేమిటి?

ఆ పిల్లకు ఇప్పుడు కొంత దారి దొరికింది. ప్రభుత్వం నడిపే స్వయం అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఐఐటీ మద్రాసువాళ్ళ జర్మన్ పాఠాలు, ఐఐటీ కాన్పూరువాళ్ళ జపనీస్ పాఠాలు వచ్చాయి. పాఠం ఉచితం, పరీక్ష రాస్తేనే ఫీజు. 2021 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టరులో 40 శాతం దాకా క్రెడిట్లను స్వయం కోర్సుల ద్వారా తెచ్చుకోనివ్వొచ్చు. అంటే కాలేజీ ఒప్పుకుంటే, నాన్నగారు అడిగిన ఆ మార్కులు కలిసే వీలు కూడా ఉందన్నమాట. ఒప్పుకోవడం అకడమిక్ కౌన్సిల్ చేతిలో పని. సెమిస్టరు మొదలుకాకముందే అడగాలి, మొదలయ్యాక అడిగితే "వచ్చే ఏడు చూద్దాం" అంటారు.

కాలేజీల మీద నాకో ఫిర్యాదుంది. ఐచ్ఛిక భాషా తరగతి పెట్టామని బ్రోషర్‌లో పెద్ద అక్షరాలతో వేస్తారు. టైమ్‌టేబుల్‌లో దానికి దొరికేది సాయంత్రం చిట్టచివరి పీరియడ్, కాలేజీ బస్సు హారన్ కొట్టే వేళ. టీచరుకి జీతం గంటల లెక్కన, అదీ మూడు నెలలు ఆలస్యంగా. గది ఏది ఖాళీగా ఉంటే అది. అరవైమందితో మొదలైన క్లాసు మిడ్ పరీక్షలు దాటేసరికి పదిమందికి వస్తుంది. అప్పుడు యాజమాన్యం "పిల్లలకు ఆసక్తి లేదండీ" అని క్లాసు ఎత్తేస్తుంది. పదిమంది మిగిలారంటే ఆ పదిమందికీ ఎంత ఆసక్తి ఉన్నట్టు! మన ఆరంభశూరత్వాన్ని కాదనను, కానీ నెపమంతా పిల్లల మీద వెయ్యడం న్యాయం కాదు.

భాషను ఎంచుకోవడం దగ్గర అందరూ ఉద్యోగం ఒక్కటే చూస్తారు. మంచిదే, కానీ మన నాలుక సంగతి కూడా చూసుకోవచ్చు. అమెరికా విదేశాంగ శాఖ తన దౌత్యవేత్తలకు భాషలు నేర్పడానికి గంటలు అంచనా కట్టుకుంది. జపనీస్‌కి 2,200 గంటలు, అన్నిటికంటే కష్టమైన వాటిలో అదొకటని. మన తెలుగుకి 1,100 గంటలు. అయితే అవి ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారి కష్టాలు. జపనీస్ వాక్యంలో క్రియ చివర వస్తుంది, మనకూ అంతే. విభక్తులు మాట వెనక అంటుకుంటాయి, మనకూ అంతే. ప్రశ్న వెయ్యాలంటే వాక్యం చివర ఒక చిన్న అక్షరం తగిలిస్తారు, మనం దీర్ఘం తీసినట్టు. హ్రస్వ దీర్ఘాల తేడాకి అర్థం మారిపోతుంది. మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి, మనది అజంత భాష అని గొప్పగా చెప్పుకుంటామే, అలాగే. పెద్దవాళ్ళతో ఒక తీరు, చిన్నవాళ్ళతో ఒక తీరు. ఇంగ్లీషువాడు తల పట్టుకునే చోట తెలుగువాడు తీరిగ్గా నడిచి వెళ్ళిపోతాడు. తెలుగువాడు తల పట్టుకునేది లిపి దగ్గర. బడి చదువు ముగిసేసరికి జపాన్ పిల్లవాడికి రావలసిన చిత్రాక్షరాలు 2,136. దానికి అడ్డదారి లేదు. జర్మన్‌లో మనకు లిపి సుఖం, కానీ హల్లుల మీద హల్లులు పేర్చి మాట ముగిస్తారు, మన నాలుక చివర ఓ ఉకారం చేర్చకుండా ఊరుకోదు. అది పోవడానికి ఒక సెమిస్టరు పడుతుంది.

విదేశీ భాషే కానక్కర్లేదు, ఉద్యోగం కోసమే కానక్కర్లేదు. చరిత్ర ఎమ్మే చదివే పిల్లలకు నేను ఫారసీ చదవమని చెబుతాను. కుతుబ్‌షాహీల ఫర్మానాలు ఫారసీలో ఉన్నాయి, కొన్నింటిలో పక్కన తెలుగు కూడా ఉంది. అసఫ్‌జాహీల కాలంలో 1880ల దాకా దర్బారు భాష అదే, ఆ తరవాతే ఉర్దూ వచ్చింది. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబు కాలం నాటి కాగితాలు దొంతర్లుగా ఉన్నాయి. అవి చదవగలిగే చరిత్ర విద్యార్థులు ఏటా తగ్గిపోతున్నారు. ఉస్మానియా ఫారసీ శాఖ అక్కణ్ణించి నడిచి వెళ్ళేంత దూరంలో ఉంది.

డచ్చి భాష సంగతి ఇంకా చిత్రం. మచిలీపట్నంలో డచ్చివాళ్ళు పదిహేడో శతాబ్దం మొదట్లోనే వర్తకం పెట్టారు. మన నేతగాళ్ళ బట్టలు, ధరలు, బాకీలు, తగాదాలు అన్నీ రాసుకుని దేశానికి పంపారు. ఆ కాగితాలు హేగ్ నగరంలో భద్రంగా ఉన్నాయి. గోల్కొండలో డచ్చి కంపెనీ తరఫున పనిచేసిన డేనియల్ హావర్ట్ 1693లో కోరమండల్ తీరం మీద ఒక పుస్తకం అచ్చువేశాడు. తానీషా దగ్గరి అక్కన్న మాదన్నల గురించి కళ్ళారా చూసినవాడు రాసిన కబుర్లున్నాయి అందులో. భద్రాచలం రామదాసు కథ ఊరూరా చెప్పుకునే మన జాతిలో డచ్చి చదివి ఆ పుస్తకం మూలంలో చూడగలిగినవాళ్ళు ఎందరుంటారు? రెండు సెమిస్టర్ల ఫారసీ, లేదా రెండు సెమిస్టర్ల డచ్చి, మాట్లాడటానికి చాలకపోవచ్చు, నిఘంటువు పక్కన పెట్టుకుని చదవడానికి దారి పడుతుంది. చదవడానికి మాత్రమే నేర్చుకునే భాషకి లెక్క వేరు, ఇందాక చెప్పిన బి1 గొడవ దానికి లేదు.

అలాగే ఎంబీబీఎస్ చదివి రేపు ఉట్నూరు ఏజెన్సీకో, సీతంపేటకో పోస్టింగు మీద వెళ్ళే అమ్మాయికి ఫ్రెంచ్ కంటే గోండీ, సవర ఎక్కువ పనికొస్తాయి. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవర నేర్చుకున్నారు. ఆయనకు క్లాసు లేదు, పుస్తకం లేదు. పుస్తకం ఆయనే రాశారు. మన మెడికల్ కాలేజీల్లో వారానికి రెండు గంటలు గోండీ చెప్పించడం ఇప్పటికీ ఎవరికీ తట్టని పని కావడం నాకు ఆశ్చర్యం.

ఇదే కథలో తెలుగు అటువైపు నిలబడిన సందర్భం కూడా ఉంది. 1957లో రష్యా స్పుత్నిక్‌ని ఆకాశంలోకి పంపింది. బెదిరిన అమెరికా ఆ మరుసటేడే ఒక చట్టం చేసి, సైన్సుతోపాటు విదేశీ భాషల చదువుకి కూడా డబ్బు గుమ్మరించింది. ఆ డబ్బుతో దక్షిణాసియా భాషలకు అక్కడి యూనివర్సిటీల్లో చోటు దొరికింది, తెలుగుకీ దొరికింది. పెన్సిల్వేనియాలో లీ లిస్కర్ మాట్లాడే తెలుగు నేర్పడానికి 1963లో పాఠ్యపుస్తకం తెచ్చాడు. మాడిసన్‌లోని విస్కాన్సిన్ యూనివర్సిటీలో 1971 నుంచి వెల్చేరు నారాయణరావు గారు దశాబ్దాల పాటు తెలుగు చెప్పారు. ఆకాశంలో రష్యావాడి గోళం బీప్ బీప్‌మంటే మాడిసన్‌లో తెల్లపిల్లలు అ ఆ ఇ ఈ దిద్దారన్నమాట!

ఇప్పుడు అక్కడి తెలుగు క్లాసుల్లో చేరేవాళ్ళలో మన పిల్లలూ ఉంటున్నారు. అమెరికా కాలేజీలు చాలావాటిలో బి.ఏ.కి ఏదో ఒక పరాయి భాష కొంతకాలం చదవాలన్న నియమం ఉంది. టెక్సస్‌లోనో కాలిఫోర్నియాలోనో పుట్టిన పిల్లవాడు స్పానిష్ బదులు తెలుగు తీసుకుంటాడు. "అన్నం తిన్నావా" అర్థమవుతుంది, "తిన్నాను" అనడం వచ్చు. అమ్మమ్మ రాసిన ఉత్తరం చదవలేడు. పక్క కుర్చీలో భాషాశాస్త్రం చదివే అమెరికన్ అమ్మాయి ఉంటుంది. ఆమె అక్షరాలు నెలలో నేర్చేసుకుని గుణింతాలు రాస్తుంటే, మనవాడు ఒత్తుల దగ్గర తడబడతాడు. మాట్లాడేటప్పుడు మాత్రం మనవాడిదే పైచెయ్యి. ఒకే క్లాసులో ఈ ఇద్దరికీ పాఠం చెప్పడం టీచరుకి కత్తిమీద సామే. అయినా మనవాడికి నియమం ఉంది, క్రెడిట్లున్నాయి, అందుకే చివరిదాకా కూర్చుంటాడు. ఇంట్లో శనివారం పూట నేర్పబోతే మాత్రం ఎప్పుడూ కూర్చోలేదు.

అందుకే అంటాను, ఐచ్ఛికంగా తీసుకున్న భాషను మీరే నిర్బంధం చేసుకోవాలి. అది మొదటి సెమిస్టరులోనే మొదలుపెట్టండి, ఫైనలియర్‌లో వద్దు. క్లాసు తరఫు సర్టిఫికెట్‌తో ఊరుకోకుండా బయటి పరీక్షకి ఫీజు కట్టెయ్యండి. డబ్బు కట్టాక మనం దేన్నీ వదలం, అది మన జాతి లక్షణం. ఇద్దరు కలిసి చేరండి, ఒకరు మానేద్దామన్న రోజున రెండోవారు లాక్కెళ్తారు. మిడ్స్ వారం క్లాసుకి వెళ్ళలేకపోతే పదినిమిషాలు విననైనా వినండి. ఆ వారం పూర్తిగా తెగితే, మళ్ళీ అతుక్కోవడం కష్టం.

వినడానికి ఏమున్నాయంటే, రేడియోలో మాట్లాడుతున్నాను కాబట్టి రేడియో సంగతే చెబుతాను. జర్మనీ ప్రసార సంస్థ డాయిష్ వెలె, నేర్చుకునేవాళ్ళ కోసం వార్తలను నిదానంగా చదివి ఆదివారం తప్ప రోజూ ఇంటర్నెట్‌లో పెడుతుంది, చదివిన పాఠం కూడా అక్షరాల్లో పక్కనే ఉంటుంది. ఫ్రాన్స్ రేడియో ఆర్‌ఎఫ్‌ఐ సులభమైన ఫ్రెంచ్‌లో వార్తలు ఇస్తుంది. జపాన్ ఎన్‌హెచ్‌కే తేలిక జపనీస్‌లో వార్తలు రాసి, చదివి వినిపిస్తుంది. వీటికి పైసా ఖర్చు లేదు. మొదటి రోజుల్లో దేశాల పేర్లు, అంకెలు తప్ప ఏమీ పట్టుబడవు. కొన్ని వారాలకి ఎవరో ఎవరినో కలిశారని తెలుస్తుంది, ఎందుకు కలిశారో తెలియదు. ఆ ఎందుకు కూడా తెలిసేసరికి ఏ2 పాఠ్యపుస్తకం సగానికి వచ్చి ఉంటారు. బస్సులో వినొచ్చు, హాస్టలు మెస్సులో వరసలో నిలబడి వినొచ్చు. ముందు ఒకసారి అక్షరాలు చూడకుండా వినండి, తరవాత చూస్తూ వినండి. ఉల్టా చేస్తే కళ్ళు చదివేస్తాయి, చెవులు పని నేర్చుకోవు.